పదో తరగతి పరీక్షలు, ఆపై గ్రూపు: ఇంట్లోవాళ్లు చేయగల సాయం

సంక్రాంతి వెళ్లగానే పదో తరగతి పిల్లలున్న ఇంట్లో టీవీ మూగబోతుంది. చుట్టాల రాకపోకలు తగ్గుతాయి. దగ్గరివాళ్ల పెళ్లయినా అమ్మ ఒక్కతే వెళ్లి అక్షింతలు వేసి, సాయంత్రానికల్లా తిరిగొచ్చేస్తుంది. ‘మావాడిది ఈసారి టెంత్ అండీ’ అంటే చాలు, ఎవరూ తప్పుపట్టరు. తెల్లవారుజామున లేపడానికి నాన్న అలారం పెట్టుకుంటాడు. నానమ్మ గుళ్లో మొక్కుకుంటుంది. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క పరీక్ష చుట్టూ తిరుగుతుంటారు.

అయినా చాలా ఇళ్లలో రెండు విషయాలు మాత్రం పిల్లలతో కూర్చుని ఎవరూ మాట్లాడరు. ప్రశ్నపత్రం ఎలా ఉంటుంది, దానికి ఎలా చదివితే గుర్తుంటుంది అన్నది ఒకటి. పరీక్షలయ్యాక ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి, ఎందుకు తీసుకోవాలి అన్నది రెండోది. మొదటిది బడికి వదిలేస్తారు. రెండోది పక్కింటివాళ్ల మాటకో, ఇంటికొచ్చిన కాలేజీ పీఆర్వో మాటకో వదిలేస్తారు. ఇంట్లోవాళ్ల సాయం ఎక్కువగా పనికొచ్చేది ఈ రెండింట్లోనే. అందుకు వాళ్లకు పెద్ద చదువులు ఉండనక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రాసిన రెగ్యులర్ విద్యార్థులు 6,14,459 మంది. వాళ్లలో 4,98,585 మంది పాసయ్యారు. ఉత్తీర్ణత 81.14 శాతం. అంతకు ముందేడు అది 86.69 శాతం. కొవిడ్ తర్వాత తొలిసారి పరీక్షలు జరిగిన 2022లో అయితే 67.26 శాతమే. తెలంగాణలో 2025లో 92.78 శాతం మంది పాసయ్యారు. శాతాల్లో చెబితే బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, ఆంధ్రలో ఆ ఒక్క విడతలో ఆగిపోయిన పిల్లలు 1,15,874 మంది. కొద్ది మార్కుల్లో పోయినవాళ్లు ఏ ఊరి బడికి వెళ్లినా కనిపిస్తారు. ఆ కొద్ది మార్కులు ఎక్కడ దొరుకుతాయో ముందే తెలిసి ఉంటే వాళ్లలో కొందరైనా గట్టెక్కేవాళ్లు.

ముందు పేపర్ని చదవాలి

ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్ లెక్కల పేపరు చూద్దాం. వంద మార్కులకు 33 ప్రశ్నలు, నాలుగు సెక్షన్లు. మొదటి సెక్షన్‌లో ఒక మార్కు ప్రశ్నలు పన్నెండు. రెండో దాంట్లో రెండు మార్కులవి ఎనిమిది. మూడో దాంట్లో నాలుగు మార్కులవి ఎనిమిది. చివరి సెక్షన్‌లో ఎనిమిది మార్కుల ప్రశ్నలు అయిదు. వీటికి మాత్రమే ‘ఇది లేదా అది’ అనే వీలుంటుంది. పాస్ మార్కు 35.

ఇప్పుడు లెక్కలంటే వణికే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్క చేయించాలి. మొదటి రెండు సెక్షన్లూ కలిపితే 28 మార్కులు. వాటితోపాటు నాలుగు మార్కుల ప్రశ్నలు రెండు సరిగ్గా చేస్తే 36. అంటే పెద్ద లెక్కలు ఒక్కటీ ముట్టుకోకపోయినా పాసయ్యే దారి ఉంది. ఆ 28 మార్కులూ నిర్వచనాలు, సూత్రాలు, చిన్నచిన్న సాధనల మీదే ఎక్కువగా ఆధారపడతాయి. వాస్తవ సంఖ్యలు, బహుపదులు, శ్రేఢులు, సంభావ్యత లాంటి పాఠాల్లోని తేలికపాటి భాగాలు గట్టిగా చేసుకుంటే చాలావరకు చేతికందుతాయి. ‘నీకు లెక్కలు రావు’ అని వింటూ పెరిగిన పిల్లకు ఇలా కాగితం మీద కనబడిన దారి ఎంతో ధైర్యమిస్తుంది.

బాగా చదివే పిల్లలకు లెక్క వేరు. వాళ్ల చేతిలో ఉండే సమయం మూడు గంటల పదిహేను నిమిషాలు. అందులో మొదటి పదిహేను నిమిషాలు పేపరు చదువుకోవడానికి. మిగిలిన 180 నిమిషాల్లో ఎనిమిది మార్కుల ప్రశ్నకు 15 నిమిషాలు, నాలుగు మార్కులదానికి 7, రెండు మార్కులదానికి 3, ఒక మార్కుదానికి ఒక నిమిషం పెట్టుకుంటే మొత్తం 167 నిమిషాలు. సరిచూసుకోవడానికి 13 నిమిషాలు మిగులుతాయి. ఇంట్లో మోడల్ పేపరు రాసేటప్పుడు గడియారం ఎదురుగా పెట్టుకుని ఈ పద్ధతి అలవాటు చేసుకోవాలి. సమయం చాలక వచ్చిన లెక్క వదిలేసి రావడం మంచి విద్యార్థులకు తరచూ జరిగే నష్టం.

సైన్సు సంగతి ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో భౌతిక రసాయన శాస్త్రానికి 50, జీవశాస్త్రానికి 50 మార్కుల చొప్పున రెండు రోజులు పరీక్షలు జరుగుతాయి. పాసవడానికి రెండింటిలో కలిపి 35 వస్తే చాలు. భౌతికశాస్త్రంలో వెనకబడినవాళ్లు జీవశాస్త్రంలో పట్టు సాధిస్తే ఒడ్డున పడతారు. హిందీలో పాస్ మార్కు 20. తెలంగాణలో ఇటీవలి ఏళ్లలో రాత పరీక్ష 80 మార్కులకు, మిగతా 20 బడిలో జరిగే ఫార్మేటివ్ పరీక్షలకు ఇస్తూ వచ్చారు. ఆ ఇరవై మార్కులు జూన్ నుంచే మొదలవుతాయి. ప్రాజెక్టు నోటు రాయడం, స్లిప్ టెస్టుకు బడి మానకపోవడం అక్కడ లెక్కలోకొస్తాయి.

ఈ పద్ధతులు ఏడాదికేడాది మారుతుంటాయి కాబట్టి, పాత గైడు చూసి కాకుండా ఆ ఏడు బోర్డు విడుదల చేసిన మోడల్ పేపరు చూసి లెక్క వేసుకోవాలి. మోడల్ పేపర్లు బోర్డు వెబ్‌సైటులో ఉంటాయి, బడిలో టీచర్ల దగ్గరా ఉంటాయి. అడిగి తీసుకోవాలి.

పదిసార్లు చదివినా ఎందుకు మరిచిపోతారు?

‘పొద్దస్తమానం పుస్తకం పట్టుకునే ఉంటాడండీ, పరీక్షలో మాత్రం గుర్తుండదు.’ తల్లిదండ్రుల సమావేశాల్లో టీచర్లు తరచూ వినే మాట ఇది. తప్పు ఆ పిల్లవాడి బుర్రది కాదు, చదివే పద్ధతిది.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని చదివి, మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే కాస్త ముందున్నారు. వాళ్లకు 81 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవాళ్లకు 75 శాతం గుర్తుంది. వారం తర్వాత ఫలితం తారుమారైంది. మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే మిగిలితే, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం మిగిలింది. పదేపదే చదివితే అప్పటికి వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఆ నమ్మకంతో పుస్తకం మూసేస్తారు. పరీక్ష మాత్రం వారాల తర్వాత ఉంటుంది.

2013లో డన్లాస్కీ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి విద్యార్థులు వాడే పది పద్ధతుల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పరిశీలించారు. మళ్లీమళ్లీ చదవడం, రంగు పెన్నుతో గీతలు గీయడం తక్కువ ఫలితమిచ్చేవని తేల్చారు. తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పంచుకోవడం ఎక్కువ ఫలితమిచ్చేవని చెప్పారు. చదివింది కాలంతోపాటు ఎలా జారిపోతుందో జర్మనీకి చెందిన ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీదే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. ఒకేరోజు అయిదు గంటలు కూర్చుని చదివిన పాఠం కన్నా, ఈరోజు, రెండు రోజులాగి, వారమాగి, నెలాగి కొద్దికొద్దిగా చూసుకున్న పాఠమే ఎక్కువ నిలుస్తుంది.

ఇక్కడే ఇంట్లోవాళ్ల పాత్ర మొదలవుతుంది. అమ్మకు త్రికోణమితి రాకపోవచ్చు. నాన్న బడి మొహమే చూసి ఉండకపోవచ్చు. ‘పుస్తకం నాకిచ్చి, ఇవాళ బళ్లో ఏం చెప్పారో నాకు చెప్పు నాన్నా’ అని ఎవరైనా అడగగలరు. పిల్లవాడు చెబుతూ చెబుతూ ఎక్కడ తడబడ్డాడో అక్కడే అతనికి రాదు. ఆ సంగతి అతనికే తెలిసిపోతుంది. మళ్లీ పుస్తకం తెరిచి ఆ ఒక్క ముక్క చూసుకుంటాడు. రాత్రి భోజనాల దగ్గర పావుగంట ఇలా గడిపితే, ఎదురుగా కూర్చుని ‘చదువు, చదువు’ అనడం కన్నా ఎన్నో రెట్లు మేలు.

లెక్కలకు మరో జాగ్రత్త కావాలి. ఒకే అభ్యాసంలోని లెక్కలన్నీ వరసగా చేస్తే, ఏ సూత్రం వాడాలో ఆలోచించాల్సిన అవసరం రాదు. పరీక్షలో ఏ లెక్క ఏ పాఠంలోదో ఎవరూ చెప్పరు. అందుకే వారానికోసారైనా వేర్వేరు పాఠాల లెక్కలు కలిపి చేయాలి.

ప్రీఫైనల్ జవాబు పత్రం చేతికొచ్చినప్పుడు మార్కులు చూసి తిట్టడమో, పొగడటమో చేసి పక్కన పడేయకూడదు. పోయిన ప్రతి మార్కూ ఎందుకు పోయిందో ఒక నోటులో రాయించాలి. అసలు రాకపోవడం, వచ్చినా సమయం చాలకపోవడం, వచ్చినా తొందరలో తప్పు చేయడం అని మూడు వరసలు గీస్తే చాలు. మొదటి వరసలోవాటికి పాఠం మళ్లీ చెప్పించుకోవాలి. రెండోవాటికి గడియారం పెట్టుకుని రాయడం సాధన చేయాలి. మూడోవాటికి సరిచూసుకునే అలవాటు కావాలి. మూడింటికీ ఒకటే మందు ‘ఇంకా ఎక్కువసేపు చదవడం’ అనుకుంటేనే పిల్లలు అలిసిపోతారు.

మాధ్యమం మారిన పిల్లల ఇబ్బంది ప్రత్యేకం. ఇంట్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అయినప్పుడు చాలామంది అర్థం వదిలేసి బట్టీ పడతారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉండేది ఇలాంటి పిల్లల కోసమే. ముందు తెలుగు పేజీ చదివి విషయం అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషులో తన మాటల్లో రాసి చూసుకోవాలి. తెలుగు పేజీ చదవడం నామోషీ కాదని టీచర్లూ, తల్లిదండ్రులూ పిల్లలకు గట్టిగా చెప్పాలి.

నిద్ర విషయంలో బేరాలు వద్దు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్య నిపుణుల అకాడమీ 2016లో సూచించింది. పగలు చదివింది మనసులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి పన్నెండు దాకా కూర్చోబెట్టి మళ్లీ నాలుగింటికి లేపితే, ఆ రెండు పూటల చదువూ నిలవదు.

ఏ గ్రూపు ఏ దారికి?

పరీక్షలు అవకముందే కొన్ని ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇళ్లకొస్తారు. ఇప్పుడే సీటు ఖాయం చేసుకుంటే ఫీజు తగ్గిస్తామంటారు. షెడ్యూలు కన్నా ముందే అడ్మిషన్లు చేయవద్దని ఇంటర్మీడియట్ బోర్డులు హెచ్చరిస్తూనే ఉన్నాయి. తల్లిదండ్రులు ముందుగా డబ్బు కట్టకపోవడమే క్షేమం. చేరబోయే కాలేజీకి బోర్డు గుర్తింపు ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

గ్రూపు ఎంచుకోవడమంటే కొన్ని దారులు తెరుచుకుని, కొన్ని మూసుకోవడం. ఏవి మూసుకుంటాయో తెలిసి మూసుకోవాలి.

ఎంపీసీ తీసుకున్నవాళ్లు ఎప్‌సెట్, జేఈఈ రాసి ఇంజినీరింగ్‌కు వెళ్లొచ్చు. ఆర్కిటెక్చర్‌కు, ఎన్‌డీఏ ద్వారా వాయుసేన, నౌకాదళాలకు కూడా లెక్కలు, భౌతికశాస్త్రం చదివి ఉండాలి. బైపీసీ వైద్యానికేనని చాలామంది అనుకుంటారు. నీట్‌లో సీటు రాకపోతే చదువంతా వృథా అని బెంగపడతారు. అగ్రికల్చర్ బీఎస్సీ, పశువైద్యం, ఫిషరీస్, హార్టికల్చర్, బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ కోర్సులు అన్నీ బైపీసీ వాళ్లవే. బీఫార్మసీకి ఎంపీసీ వాళ్లూ, బైపీసీ వాళ్లూ ఇద్దరూ అర్హులే.

సీఈసీ, ఎంఈసీ అంటే ‘మార్కులు రానివాళ్ల గ్రూపు’ అన్న మాట ఇప్పటికీ వినబడుతుంది. ఆ మాట నమ్మి పిల్లల ఇష్టాన్ని కాదనడం అన్యాయం. చార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్ పరీక్షను ఇంటర్ తర్వాత ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు. అందులో లెక్కలు, గణాంకాల పేపరు ఉంటుంది కనుక, లెక్కలు ఉండే ఎంఈసీ చదివినవాళ్లకు అది కాస్త తేలిక. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఆనర్స్ చదవాలంటే పన్నెండో తరగతిలో లెక్కలు ఉండాల్సిందే. ఆర్థికశాస్త్రం ఇష్టమైన పిల్లలు సీఈసీ, ఎంఈసీల మధ్య తేల్చుకునే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. లాసెట్ ద్వారా అయిదేళ్ల న్యాయవిద్యకు, డీఈఈసెట్ ద్వారా ఉపాధ్యాయ శిక్షణకు అన్ని గ్రూపుల వాళ్లూ వెళ్లొచ్చు. సివిల్ సర్వీసెస్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. 2017 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు తెచ్చుకున్న మెట్‌పల్లి వాసి దురిశెట్టి అనుదీప్ ఇంజినీరింగ్ చదివి, ఆప్షనల్‌గా ఆంత్రోపాలజీ తీసుకున్నారు.

దారులు మునుపటి కన్నా కొంత వెసులుబాటుగానూ మారుతున్నాయి. ఇంటర్‌లో జీవశాస్త్రం లేకపోయినా, తర్వాత గుర్తింపు పొందిన బోర్డు నుంచి అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్ రాయొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి లెక్కలూ, జీవశాస్త్రమూ కలిపి చదివే వీలు వచ్చింది. ఎటూ తేల్చుకోలేని పిల్లలకు ఇది మంచి అవకాశమే. చదవాల్సిన భారం ఎక్కువని మాత్రం ముందే తెలుసుకుని చేరాలి.

ఇంటరొక్కటే దారి కాదు

పాలిసెట్ రాసి మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరితే, పందొమ్మిదేళ్లు వచ్చేసరికి చేతిలో ఒక సాంకేతిక అర్హత ఉంటుంది. ఆ పరీక్ష 120 మార్కులకు పదో తరగతి లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాల మీదే ఉంటుంది. కాబట్టి పబ్లిక్ పరీక్షల చదువే ఇక్కడా పనికొస్తుంది. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. రైతుల పిల్లలకు రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది. చేతిపని మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటి రెండేళ్ల ట్రేడులూ, వెల్డర్ లాంటి ఏడాది ట్రేడూ ఉన్నాయి.

పల్లె పిల్లలకు ట్రిపుల్ ఐటీలు పెద్ద వరం. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఇవి మొదలయ్యాయి. ఒంగోలు, శ్రీకాకుళం తర్వాత వచ్చాయి. బాసర ఇప్పుడు తెలంగాణలో విడిగా నడుస్తోంది. పదో తరగతి మార్కుల ఆధారంగానే సీటు ఇస్తారు. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు అక్కడే చదువు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు అదనపు మార్కులు కలుపుతారు. గురుకుల జూనియర్ కాలేజీలు, మోడల్ స్కూళ్లు, ఆడపిల్లలకు చాలాచోట్ల ఇంటర్ దాకా పెంచిన కస్తూర్బా విద్యాలయాలు కూడా తక్కువ ఖర్చులో చదువు చెబుతున్నాయి. ఊళ్లో ఉన్న కాలేజీలో ఏ గ్రూపు ఉంటే అదే ఆడపిల్లకు ఇప్పించేసే ఇళ్లవాళ్లు వీటి దరఖాస్తుల తేదీలు ముందునుంచే కనిపెట్టి ఉండాలి.

మరి నిర్ణయం ఎలా? ఏడాది పొడవునా ఏ సబ్జెక్టు పుస్తకం ఎవరూ చెప్పకుండా తెరిచిందో పిల్లను అడగాలి. ఏ సబ్జెక్టులో మార్కులు వచ్చాయి అన్నది ఒక్కటే కాకుండా, ఏ సబ్జెక్టులో కష్టమైన ప్రశ్న వస్తే వదలకుండా కూర్చుంది అన్నది చూడాలి. బైపీసీ అంటున్న పిల్లను ఒకసారి నర్సు దగ్గరికో, వ్యవసాయ అధికారి దగ్గరికో తీసుకెళ్లి వాళ్ల పని ఎలా ఉంటుందో విననివ్వాలి. ఎంపీసీ అంటున్న పిల్లవాడికి సీనియర్ల ఇంటర్ లెక్కల పుస్తకం తెచ్చి రెండు రోజులు తిరగేయమనాలి. ఇంటర్ లెక్కల స్థాయి పదో తరగతి కన్నా చాలా ఎక్కువ. ఆ రెండు రోజుల్లో పుట్టిన ఆసక్తో, విముఖతో పీఆర్వో చూపించే ర్యాంకుల పోస్టరు కన్నా నమ్మదగిన సూచన. పిల్లవాడిని బాగా ఎరిగిన టీచరు మాట కూడా వినాలి.

తప్పిన పిల్లల పక్కన

ఫలితాలు వచ్చిన రోజే అసలు సాయం అవసరమయ్యే ఇళ్లు ఉంటాయి. తప్పిన సబ్జెక్టులను అదే వేసవిలో మళ్లీ రాయొచ్చు. 2025లో ఆంధ్రప్రదేశ్ సప్లిమెంటరీ పరీక్షలు మే 19 నుంచి 28 వరకు జరిగాయి. అందులో పాసైతే ఆ ఏడాదే ఇంటర్‌లో చేరొచ్చు, ఏడాది పోదు. మార్కుల మీద అనుమానముంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ కోరవచ్చు. బడికి వెళ్లి చదవలేని పరిస్థితి వచ్చినవాళ్లకు సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ పాసైంది మూడో ప్రయత్నంలో. తర్వాత ఆయన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ తయారీకీ, పిల్లల రక్త కేన్సర్‌కు వాడే మందులకూ, టెట్రాసైక్లిన్ వర్గంలో తొలి యాంటీబయాటిక్‌కూ దారి వేసిన పరిశోధనలకు నాయకత్వం వహించారు. తప్పిన పిల్లవాడి ముందు పక్కింటి పిల్ల మార్కులు చదివే బదులు ఈయన గురించి చెప్పండి.

ఫలితాల వారంలో పిల్లలను ఒంటరిగా వదలకండి. మాటలు తగ్గించినా, తిండి మానేసినా, బతకడం మీద విసుగు మాటలు మాట్లాడినా తేలిగ్గా తీసుకోకండి. పక్కన కూర్చుని వినండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరును ఫలితాల కన్నా ముందే ఇంట్లో ఫోన్లలో పెట్టుకోండి. పదో తరగతి పిల్లలున్న ప్రతి ఇల్లూ ఈ వారమే ఒక మోడల్ పేపరు తెచ్చుకుని, పిల్లలతో కలిసి మార్కుల లెక్క వేయండి. ఆ తర్వాత ఒక సాయంత్రం గ్రూపుల గురించి మాట్లాడండి. ముందుగా వాళ్లను చెప్పనివ్వండి.